తక్కువ స్వరం, స్పష్టమైన మాట: వైఫైలో సిగ్నల్ నాణ్యత, విద్యుత్ పొదుపు

సాంకేతిక గ్రంథాలు వైర్‌లెస్ లోకల్ ఏరియా నెట్‌వర్క్ అని పిలిచేదీ, వాడుకలో వైఫై అనే పేరుతో స్థిరపడినదీ, ఒక ఇల్లు, ఒక కార్యాలయం, ఒక కళాశాల ఆవరణ వంటి పరిమిత ప్రదేశంలో ఫోన్లనూ కంప్యూటర్లనూ తీగ లేకుండా కలిపే రేడియో వ్యవస్థ. ఇందులో సిగ్నల్ నీరసించినప్పుడు ఎవరికైనా మొదట తోచే ఉపాయం ప్రసార శక్తిని పెంచడం. నాలుగు యాంటెన్నాల రూటరు కన్నా ఎనిమిది యాంటెన్నాల రూటరుకు బజారులో గిరాకీ ఎక్కువగా ఉండడానికి కూడా చాలావరకు ఈ నమ్మకమే మూలం. అయితే వైఫై విషయంలో గొంతు పెంచడం వేరు, మాట స్పష్టం కావడం వేరు; విద్యుత్తును పొదుపు చేయడానికి తీసుకునే చర్యలు చాలా సందర్భాల్లో సిగ్నల్ నాణ్యతను కూడా పెంచుతాయి. ఈ రెండింటికీ ఉన్న చుట్టరికమే ఈ ప్రసంగానికి విషయం.

బిగ్గరగా పలికితే బాగా వినబడుతుందన్న నమ్మకం రేడియో ప్రసారాల విషయంలో నిజమే. హైదరాబాదు ఆకాశవాణి శ్రోతలకు చిరకాలంగా పరిచితమైన 738 కిలోహెర్ట్జ్ మధ్యతరంగాన్ని తీసుకుంటే, దాని తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. దాన్ని అందుకునే రేడియో సెట్టు వినడమే తప్ప తిరిగి బదులు చెప్పదు కనుక, ట్రాన్స్‌మిటరు శక్తి పెరిగిన కొద్దీ ప్రసారం వినబడే మేర విస్తరిస్తుంది. వైఫై అలా కాదు, అది సంభాషణ. రూటరు పంపిన సమాచార ఖండాన్ని, అంటే ఫ్రేమును, ఫోను అందుకున్నాక వెంటనే ఒక రసీదు పంపాలి, ఆ రసీదు రాకపోతే రూటరు అదే ఫ్రేమును మళ్ళీ పంపుతుంది. గోడకు తగిలించి కరెంటుతో నడిచే రూటరు 100 నుంచి 200 మిల్లీవాట్ల శక్తితో మాట్లాడగలిగినా, బ్యాటరీ మీద బతికే ఫోను తరచుగా అందులో మూడో వంతుతోనో ఇంకా తక్కువతోనో బదులు చెబుతుంది. రూటరు గొంతు ఎంత పెంచినా ఫోను గొంతు పెరగదు. ఫోను తెరపై సిగ్నల్ గీతలు నిండుగా కనబడుతున్నా పేజీ తెరుచుకోకపోవడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

సిగ్నల్ కొలతను అర్థం చేసుకోవాలంటే డెసిబెల్ అనే ప్రమాణంతో పరిచయం కావాలి. ఇది సంవర్గమానాల మీద ఆధారపడిన కొలత. దీనిలో మూడు డెసిబెళ్ళు పెరిగితే శక్తి రెట్టింపు, పది పెరిగితే పదిరెట్లు అయినట్టు లెక్క. ఒక మిల్లీవాటును సున్నాగా తీసుకుని కొలిస్తే దాన్ని డీబీఎం అంటారు. ఆ లెక్కన 100 మిల్లీవాట్ల రూటరు ప్రసారం 20 డీబీఎం అవుతుంది. వీడియో సంభాషణ సాఫీగా సాగడానికి నెట్‌వర్క్ రూపశిల్పులు కనీసంగా ఆశించేది మైనస్ 67 డీబీఎం, అంటే సుమారు 0.2 నానోవాటు. పంపిన శక్తిలో 50 కోట్లవ వంతు చేరినా పని జరుగుతుందన్నమాట. అందువల్ల అందిన శక్తి ఎంత అన్నదాని కన్నా, అదే సమయంలో చుట్టూ ఉన్న రొద కన్నా అది ఎంత ఎక్కువ అన్నది ముఖ్యం. ఎలక్ట్రాన్ల ఉష్ణచలనం వల్ల ఏ పరికరంలోనైనా పుట్టే సహజమైన రొద, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న మార్గంలో, అంటే ఛానల్‌లో, మైనస్ 101 డీబీఎం దగ్గర ఉంటుంది. రిసీవరు తాను కలిపే రొదను చేరిస్తే ఇంకొన్ని డెసిబెళ్ళు పైకి వస్తుంది. మార్గం వెడల్పును 20 నుంచి 160 మెగాహెర్ట్జ్‌కు పెంచితే వేగం పెరిగే అవకాశంతో పాటు రొద కూడా ఎనిమిది రెట్లు లోపలికి వస్తుంది కనుక, దూరపు గదిలో వెడల్పు మార్గం కన్నా ఇరుకు మార్గమే నిలకడగా పనిచేయడంలో వింత లేదు.

దూరం రెట్టింపైతే, అడ్డు లేని చోట కూడా, అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. రూటరు శక్తిని రెట్టింపు చేస్తే ఆరుబయట దాని మేర పెరిగేది సుమారు 1.4 రెట్లే, ఇంట్లో అంత కూడా ఉండదు. మన ఇళ్ళలో ఇనుప చువ్వలు పరచి పోసిన కాంక్రీటు స్లాబు, ఇటుక గోడ, ఇనుప బీరువా, వెనుక లోహపు పూత ఉన్న నిలువుటద్దం, నీళ్ళ ట్యాంకు, చివరకు మనుషుల శరీరాలు కూడా ఈ తరంగాలను కొంత పీల్చుకుంటాయి, కొంత వెనక్కి కొడతాయి. వైఫై మొదటి నుంచి వాడుతున్న 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. తర్వాత వచ్చిన 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఆరు సెంటీమీటర్ల దరిదాపు. రెండో పట్టీ గోడల దగ్గర ఎక్కువ నష్టపోతుంది, కాని దానిలో చోటు చాలా ఎక్కువ, రద్దీ తక్కువ. రూటరును టీవీ వెనుకా బీరువా పక్కనా దాచడం మాని, ఇంటి నడుమ కొంచెం ఎత్తులో ఉంచడం వల్ల కలిగే లాభం శక్తిని రెట్టింపు చేసినా రాకపోవడానికి కారణం ఇదే.

గోడలు చేసే అసలు ఉపద్రవం శక్తిని మింగడం కాదు, ప్రతిధ్వనించడం. పెద్ద గుడి మంటపంలో వేగంగా మాట్లాడితే ముందరి మాట ప్రతిధ్వని తరువాతి మాట మీద పడి రెండూ కలగాపులగం అయినట్టే, రేడియో తరంగం నేరుగా ఒకసారి, గోడకు కొట్టుకుని మరోసారి, అద్దం మీదుగా ఇంకోసారి, కొన్ని పదుల నానోసెకన్ల తేడాలతో రిసీవరును చేరుతుంది. సెకనుకు కోట్ల సంకేతాలు ఒకదాని వెంట ఒకటి పంపితే ఆ తేడా చాలు అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవడానికి. ఈ చిక్కుకు గట్టి పరిష్కారం చూపినవారిలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలోని జాన్ ఓ’సలివన్ బృందం ప్రముఖమైనది. రేడియో ఖగోళశాస్త్రంలో మసకబారిన సంకేతాలను తేటపరచిన అనుభవంతో వారు రూపొందించిన పద్ధతికి 1996లో అమెరికా పేటెంటు లభించింది. ఒక్క తరంగం మీద అతివేగంగా సంకేతాలు పంపే బదులు, పక్కపక్కనే అనేక ఉపతరంగాలను నడిపి, ఒక్కోదాని మీద తాపీగా పంపడం దీనిలోని కీలకం. ఓఎఫ్‌డీఎం అనే పేరుతో 1999 నాటి 802.11ఏ అనే వైఫై ప్రమాణంలో చేరిన ఈ పద్ధతిలో 52 ఉపతరంగాలు ఉంటాయి. ఒక్కో సంకేతం నాలుగు మైక్రోసెకన్లు నడుస్తుంది, అందులో 0.8 మైక్రోసెకను ప్రతిధ్వనులు చల్లారడానికి కేటాయించిన విరామం. ఆ తరువాత 2009లో ఆమోదం పొందిన 802.11ఎన్ ప్రమాణం ఒకటి కన్నా ఎక్కువ యాంటెన్నాలతో ఆ ప్రతిధ్వనులనే వేర్వేరు దారులుగా వాడుకునే పద్ధతిని తెచ్చింది. ఆ ఆలోచనకు తొలి పేటెంట్లలో ఒకటి తమిళనాడులో పుట్టిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్‌కు, పుణెలో పుట్టిన థామస్ కైలాత్‌కు దక్కడం భారతీయులకు గర్వకారణం.

ప్రతిధ్వనుల నుంచి రక్షించిన ఓఎఫ్‌డీఎం, విద్యుత్ ఖర్చు విషయంలో మాత్రం కొత్త బరువు మోపింది. కోలాటంలో 52 మంది ఎవరి లయలో వారు కోలలు కొడుతున్నంతసేపూ మొత్తం చప్పుడు ఒక స్థాయిలో ఉంటుంది కాని, ఎప్పుడో ఒక క్షణాన అందరి దెబ్బలూ ఒకేసారి పడితే ఆ చప్పుడు ఉరుమవుతుంది. 52 ఉపతరంగాలూ అలా ఒకే క్షణాన ఉచ్చస్థితికి వస్తే తక్షణ శక్తి సగటు కన్నా 52 రెట్లు, అంటే 17 డెసిబెళ్ళు ఎక్కువగా ఉంటుంది. అంత తారస్థాయి అరుదే అయినా, సగటును ఎనిమిది పది డెసిబెళ్ళు దాటే శిఖరాలు తరచుగానే వస్తాయి. సిగ్నల్‌ను యాంటెన్నాకు పంపే ముందు పెద్దది చేసే పవర్ యాంప్లిఫయరు ఈ శిఖరాలను కత్తిరించకుండా దాటించాలంటే, దానికున్న పూర్తి బలంతో కాక చాలా కింది స్థాయిలో నడపాలి. ఈ వెనుకంజను ఇంజనీర్లు బ్యాక్-ఆఫ్ అంటారు.

దీని మూల్యం ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఏ-తరగతి అని పిలిచే యాంప్లిఫయరు అత్యుత్తమ స్థితిలో తీసుకున్న విద్యుత్తులో సగాన్ని మాత్రమే రేడియో శక్తిగా మార్చగలదు: ఒక వాటు ఇవ్వడానికి రెండు వాట్లు తింటుంది. దాన్నే పది డెసిబెళ్ళు తగ్గించి 100 మిల్లీవాట్ల దగ్గర నడిపితే తిండి మాత్రం రెండు వాట్లే. దక్షత 50 శాతం నుంచి ఐదు శాతానికి పడిపోతుంది, మిగిలిన 95 శాతం వేడిగా పోతుంది. పొదుపైన బీ-తరగతి యాంప్లిఫయరు గరిష్ఠ దక్షత 78.5 శాతమైనా, అదే వెనుకంజ దగ్గర 25 శాతానికి దిగుతుంది.

వెనుకంజ తగ్గించి యాంప్లిఫయరును గట్టిగా నడిపితే ఖర్చు తగ్గుతుంది కాని మాట చెడుతుంది. ఆధునిక వైఫైలో ఒక్కో ఉపతరంగం మోసే సంకేతాన్ని, తరంగపు పరిమాణం, దశ అనే రెండు కొలతలతో గుర్తించే ఒక చుక్కగా ఊహించవచ్చు. వాకిట్లో ముగ్గుకు ఎనిమిది వరుసల్లో ఎనిమిదేసి చుక్కలు పెట్టినట్టు 64 చుక్కలుంటే, ఏ చుక్కను పంపారో గుర్తించడం ద్వారా ఆరు బిట్ల సమాచారం అందుతుంది. వైఫై 6 అనే పేరుతో ప్రచారంలో ఉన్న 802.11ఏఎక్స్ అదే వాకిట్లో 32 వరుసల్లో 32 చుక్కల చొప్పున 1,024 చుక్కలు పెట్టి పది బిట్లు పంపుతుంది. వాకిలి పెరగలేదు, చుక్కలు దగ్గరయ్యాయి; చేయి కొంచెం వణికినా ఒక చుక్క పక్క చుక్కగా కనబడుతుంది. చుక్క ఉండవలసిన చోటికీ పడిన చోటికీ ఉన్న తేడాను ఈవీఎం అనే కొలతతో చెబుతారు. ప్రమాణాల ప్రకారం 54 మెగాబిట్ల వేగంతో పంపే 802.11ఏ ట్రాన్స్‌మిటరులో ఈ తప్పు సుమారు 5.6 శాతం వరకు అనుమతించదగినది, 1,024 చుక్కల దగ్గర అది రెండు శాతం లోపు ఉండాలి. సిగ్నల్ నాణ్యతకు ఇంతకన్నా నిక్కచ్చి నిర్వచనం లేదు. గమనించదగిన విషయం ఏమిటంటే, ఈ తప్పు గాలిలో కాదు, ట్రాన్స్‌మిటరులోనే పుడుతుంది. శక్తి పెంచితే తగ్గదు సరికదా, యాంప్లిఫయరు తన హద్దుకు చేరువై ఇంకా పెరుగుతుంది.

ఈ రెండు పోట్ల మధ్య ఇంజనీర్లు పట్టుకున్న దారి డిజిటల్ ప్రీడిస్టార్షన్. గోదావరి దాటించే పడవవాడు ఎదుటి రేవుకు సూటిగా కాక కొంత ఎగువకు గురిపెడతాడు, ప్రవాహం కిందికి నెట్టే మేర అతనికి తెలుసు కనుక పడవ రేవుకే చేరుతుంది. అలాగే యాంప్లిఫయరు ఏ స్థాయిలో సిగ్నల్‌ను ఎంత వంచుతుందో ముందే కొలిచి, సరిగ్గా అంతే మేర ఎదురు వంకను సిగ్నల్‌లో ముందుగానే చేర్చి పంపితే, రెండు వంకలూ ఒకదాన్నొకటి చెరిపేసుకుని బయటికి సూటి సిగ్నల్ వస్తుంది. దీనివల్ల వెనుకంజ కొన్ని డెసిబెళ్ళు తగ్గుతుంది, అదే యాంప్లిఫయరు తక్కువ వేడితో, తక్కువ కరెంటుతో, స్పష్టంగా పలుకుతుంది. శిఖరాలను ముందే మెత్తగా తగ్గించడం, యాంప్లిఫయరుకు అందించే వోల్టేజీని సిగ్నల్ ఎత్తుపల్లాల ప్రకారం క్షణక్షణం మార్చడం వంటి పద్ధతులు కూడా ఇందుకు తోడవుతాయి. ప్రకటనల్లో ఎక్కడా కనబడని ఈ పనితనం వినియోగదారుకు యాంటెన్నాల సంఖ్య కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

సిగ్నల్ ఎంత శుభ్రంగా బయలుదేరినా, గాలి ఒక్కటే, మాట్లాడేవారు అనేకులు. వైఫైలో ఏ పరికరమైనా ముందు విని, ఎవరూ మాట్లాడడం లేదని తేలాకే మాట్లాడాలన్నది నియమం. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగిన వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే కనుక, ఒకదాని మీద ఒకటి పడని మార్గాలు మూడే ఉంటాయి, సాధారణంగా 1, 6, 11. ఒక అపార్టుమెంటులో ఇరవై రూటర్లు ఈ మూడింటిలోనే పనిచేయాలి. అక్కడ ఒక రూటరు గొంతు పెంచితే, దాని మాట వినబడే ఇళ్ళన్నీ అది ముగిసే వరకు ఆగుతాయి. వారూ పెంచితే ఇది ఆగుతుంది. శక్తిని తగ్గించి, మార్గాలను పంచుకుని, దగ్గరి పరికరాలను 5 గిగాహెర్ట్జ్‌కు మళ్ళిస్తే అందరికీ చోటు దొరుకుతుంది. 2018లో భారత ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ పట్టీలో మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చాక ఇది సులభమైంది.

ఇక్కడే మరొక సూక్ష్మం ఉంది. గ్రెనోబుల్ నగర పరిశోధకులు మార్టిన్ హ్యూస్, ఆయన సహచరులు 2003లో చూపినట్టు, వైఫై నియమం అందరికీ సమానంగా ఇచ్చేది మాట్లాడే అవకాశాన్ని, మాట్లాడే సమయాన్ని కాదు. 12,000 బిట్ల ఫ్రేమును పంపడానికి 11 మెగాబిట్ల పరికరానికి సుమారు 1.1 మిల్లీసెకన్లు పడితే, మూల గదిలో నీరసమైన సిగ్నల్‌తో ఒక మెగాబిట్ వేగానికి దిగిపోయిన పరికరానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకరి తర్వాత ఒకరు ఒక్కో ఫ్రేము పంపుకుంటూ పోతే వేగవంతుడు కూడా మందగామి స్థాయికి దిగిపోతాడు. అంతసేపూ ఇద్దరి రేడియోలూ మేలుకునే ఉంటాయి. నాణ్యతకూ పొదుపుకూ అసలు ముడి ఇదే: సిగ్నల్ శుభ్రంగా ఉంటే అదే సమాచారం పదోవంతు కాలంలో పోతుంది, మిగిలిన కాలమంతా రేడియో నిద్రపోవచ్చు.

ఆ నిద్ర విలువ ఎంతో 1997లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ స్టెమ్, ర్యాండీ కాట్జ్ ప్రకటించిన కొలతలు చూపాయి. ఆనాటి వైర్‌లెస్ కార్డు ఏమీ చేయకుండా వింటూ కూర్చోవడానికి అయ్యే ఖర్చును ఒకటిగా తీసుకుంటే, సమాచారం అందుకోవడానికి 1.05, పంపడానికి 1.4 అయింది. అంటే బ్యాటరీని తినేది ప్రధానంగా మాట కాదు, మాట కోసం ఎదురుచూపు. అందుకే అదే సంవత్సరం వెలువడిన తొలి 802.11 ప్రమాణంలోనే ఒక ఏర్పాటు కనబడుతుంది. పూర్వం టపా బంట్రోతు ఊరి చావడి దగ్గర నిలబడి ఉత్తరాలు వచ్చినవారి పేర్లు చదివినట్టు, రూటరు సాధారణంగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ అనే ప్రకటన చేస్తుంది, దానిలో ఎవరి కోసం సమాచారం నిలవ ఉందో ఒక జాబితా ఉంటుంది. నిద్రపోతున్న ఫోను ఆ వేళకు లేచి, తన పేరు లేకపోతే మళ్ళీ నిద్రపోతుంది. 802.11ఏఎక్స్‌లోని టార్గెట్ వేక్ టైమ్ ఇంకో అడుగు వేసి, ఒక్కో పరికరం ఎప్పుడెప్పుడు లేవాలో రూటరుతో ముందే ఒప్పందం కుదుర్చుకోనిస్తుంది. నీటి మట్టం కొలిచే చిన్న పరికరం గంటల తరబడి నిద్రపోవచ్చు, వేళలు వేరు చేయడం వల్ల గాలిలో తోపులాట కూడా తగ్గుతుంది.

ఈ విషయానికి తెలుగు నేలతో నిజమైన అనుబంధం ఒకటుంది. 2005లో భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించిన రోజుల్లో, పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో వైఫై పరికరాలనే వాడి కిలోమీటర్ల దూరాలను కలిపే జాలాన్ని నిర్మించింది. దూరవిద్య, దూరవైద్యం దాని ఉద్దేశాలు. ఇంటి కోసం పుట్టిన సాంకేతికత ఊళ్ళ మధ్య పనిచేయడానికి తోడ్పడింది శక్తి పెంపు కాదు, దిశ. 24 డెసిబెళ్ళ లాభం ఇచ్చే జల్లెడ ఆకారపు యాంటెన్నా అన్ని దిక్కులా చెదిరే శక్తిని ఒక్క దిక్కుకు కూర్చి ఆ దిక్కున సుమారు 250 రెట్లు చేస్తుంది. అశ్వినినీ, ఉత్తరప్రదేశ్‌లోని ఇటువంటి గంగా మైదాన జాలాన్నీ పరిశీలించిన భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఐఐటీ కాన్పూర్‌లో ఉండగా సహచరులతో కలిసి చేసిన కొలతలు, ఇటువంటి దూరపు లంకెల్లో ఫ్రేములు పోవడానికి ప్రధాన కారణం బయటి వైఫై సిగ్నళ్ళు వచ్చి పడడమేనని తేల్చాయి. సిగ్నల్ ఒక మెట్టు దాటి ఉండి, ఇతరుల జోక్యం లేకపోతే లంకె నిలకడగా ఉంటుంది. ఆ మెట్టు మీద ఇంకా శక్తి కుమ్మరిస్తే అదనంగా ఒరిగేది తక్కువ.

గ్రామాల్లో అసలు కొరత విద్యుత్తుది. కరెంటు గంటల తరబడి పోయే చోట బ్యాటరీ మీదో సౌరఫలకం మీదో నడిచే వైఫై పెట్టె, రోజులో కాసేపే పనిపడినా, ఇరవైనాలుగు గంటలూ మేలుకుని ఉండేది. దానికి 2006లో ఈ పరిశోధకులే నీలేశ్ మిశ్రా, అభినవ్ పాఠక్‌లతో కలిసి ‘వేక్-ఆన్-వైర్‌లెస్-లాన్’ అనే ఉపాయాన్ని ప్రకటించారు. వైఫై పెట్టెను పూర్తిగా ఆపేసి, దాని పక్కన అదే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో వినగల అతి తక్కువ విద్యుత్తు తినే ఒక చిన్న సెన్సరు రేడియోను కాపలా ఉంచుతారు. వైఫై భాష దానికి అర్థం కాదు, అర్థం కావలసిన పనీ లేదు. అవతలి ఊరి నుంచి సిగ్నల్ వచ్చిన అలికిడిని మాత్రం పసిగట్టి పెద్ద పెట్టెకు కరెంటు అందించే స్విచ్చి వేస్తుంది. పదిహేనేళ్ళ తరువాత, 2021లో ఆమోదం పొందిన 802.11బీఏ ప్రమాణం ఈ జాతి ఆలోచననే వైఫై చిప్‌లోకి తెచ్చింది: ప్రధాన రేడియో నిద్రలో ఉండగా, ఒక మిల్లీవాటు లోపు విద్యుత్తుతో మేలుకుని ఉండే చిన్న రిసీవరు పిలుపు కోసం చెవి ఒగ్గి ఉంటుంది, పిలుపు తనకేనని తేలాకే పెద్ద రేడియోను లేపుతుంది.